బొడ్డూడే దాకా

తెలుగులో ఎవరినైనా తేలిగ్గా తీసిపారేయాలంటే 'బొడ్డూడని కుర్రాడు' అంటే సరిపోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి పాతవాళ్లకి సలహాలిచ్చేవాడు బొడ్డూడనివాడు. మొదటి కవిత అచ్చయిన మర్నాడే విమర్శ మొదలెట్టేవాడూ బొడ్డూడనివాడే. వాడగా వాడగా ఆ మాట అరిగిపోయి ఎకసెక్కంగా మిగిలింది. కానీ అది పుట్టినచోట ఎకసెక్కం లేదు. బిడ్డ పుట్టాక బొడ్డుతాడు ముక్క ఎండి, నల్లబడి, ఊడిపోవడానికి మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మనిషి చరిత్రలో చాలా కాలం పాటు అవి గండం రోజులు. బొడ్డూడిన బిడ్డ అంటే గండం దాటిన బిడ్డ.

ఆ గండం ఇలా ఉండేది. బిడ్డ పుడుతుంది, గట్టిగా ఏడుస్తుంది, మొదటి రెండు రోజులూ చక్కగా పాలు తాగుతుంది. మూడో రోజో, ఆరో రోజో ఉన్నట్టుండి రొమ్ము పట్టలేకపోతుంది. దవడలు బిగుసుకుపోతాయి. చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా, ఎవరైనా ముట్టుకున్నా ఒళ్లంతా కొయ్యబారి, వెన్ను విల్లులా వెనక్కి వంగుతుంది. ధనుర్వాతం అన్న పేరు ఆ విల్లు వల్లే వచ్చింది. వైద్యం అందకపోతే పసిబిడ్డలు దాదాపు ఎవరూ బతకరు. డబ్లిన్‌లో దీన్ని 'తొమ్మిదో రోజు మూర్ఛలు' అన్నారు. స్కాట్లండ్ దీవుల్లో 'ఎనిమిదో రోజు జబ్బు' అన్నారు. పేర్లు చూడండి, అన్నీ రోజుల లెక్కే. అది ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. ఏ దారిన వస్తుందో మాత్రం తెలీదు.

దారి బొడ్డు. ధనుర్వాతం క్రిమి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి పడుంటాయి. గాలి తగలని, రక్తం పారని చచ్చిన కండ దొరికితే మేల్కొంటాయి. కోసిన బొడ్డుతాడు సరిగ్గా అలాంటి చోటు. రక్తనాళాలు మూసుకుపోయి, మెల్లగా చచ్చిపోతున్న ఒక మెత్తటి ముక్క. దానికి మట్టి అంటిన కత్తి తగిలినా, పేడ తగిలినా చాలు.

బొడ్డు ఎలా కొయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి అన్నది చాలా పాత ప్రశ్న. చరకసంహితలో దీనికి వివరంగా జవాబుంది. బొడ్డు నుంచి ఎనిమిది అంగుళాలు (అంటే ఎనిమిది వేళ్ల వెడల్పు) కొలిచి, బంగారంతోనో వెండితోనో ఇనుముతోనో చేసిన పదునైన పరికరంతో కొయ్యాలి. కోసిన చివర దారంతో కట్టి, ఆ దారాన్ని వదులుగా బిడ్డ మెడకి తగిలించాలి. చీము పడితే లొద్దుగ, అతిమధురం, పసుపు వగైరాలతో కాచిన నూనె రాయాలి. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన సొరానస్ కూడా ఇలాంటి విషయాలే రాశాడు. ఆయన కాలంలో మంత్రసానులు ఇనుము అపశకునమని గాజుపెంకుతోనో, రెల్లుతోనో, కుండపెంకుతోనో, గట్టిపడిన రొట్టె అంచుతోనో బొడ్డు కోసేవాళ్లట. అదంతా అర్థంలేని భయమనీ, పదునైన కత్తితో కొయ్యమనీ ఆయన చెప్పాడు. కోశాక మాత్రం నూనెలో తడిపిన ఉన్ని చుట్టమన్నాడు.

రెండూ ఆ కాలానికి మంచి వైద్యమే. రెండిట్లోనూ ఒకటే తంతు కనిపిస్తుంది: కొయ్యి, కట్టు, ఏదో ఒకటి రాయి. ఈ మూడోది మనిషి చేతికి అలవాటైపోయింది. పుండు కనిపిస్తే ఊరికే వదిలేయలేదు. నూనె, నెయ్యి, పసుపు, బూడిద, పేడ, కాటుక, ఈమధ్య కాలంలో పౌడరు. ఊరు మారితే సరుకు మారుతుంది, చెయ్యి మాత్రం ఆగదు. ఎవరూ కీడు తలపెట్టి రాయలేదు. ప్రేమ కొద్దీ రాశారు.

పద్దెనిమిదో శతాబ్దపు డబ్లిన్‌కి వెళ్దాం. అక్కడి రొటండా ప్రసూతి ఆస్పత్రి లెక్కల ప్రకారం 1782 చివరికి అక్కడ ప్రాణంతో పుట్టిన పిల్లలు 17,650 మంది. వాళ్లలో 2,944 మంది మొదటి రెండు వారాల్లోనే పోయారు. అంటే ఆరుగురిలో ఒకరు. ఎక్కువమంది పోయింది ఆ తొమ్మిదో రోజు మూర్ఛలతోనే. జోసెఫ్ క్లార్క్ అనే డాక్టరు దీనికి మూడు కారణాలు అనుమానించాడు: వార్డుల్లో చెడుగాలి, పిల్లల్ని శుభ్రంగా పొడిగా ఉంచకపోవడం, తల్లుల తాగుడు. అన్నిటికన్నా ఎక్కువ అనుమానం గాలి మీద. అందుకని వార్డుల కప్పుల్లో కంతలు పెట్టించాడు, తలుపులకీ కిటికీలకీ తొర్రలు తొలిపించాడు. ఆ తర్వాత పుట్టిన 8,033 మందిలో పోయింది 419 మంది. ఇరవైమందిలో ఒకరు. ఆయన నిందించిన గాలికి ధనుర్వాతంతో సంబంధం లేదు, అయినా చావులు తగ్గాయి. గాలికోసం చేసిన ఆ హడావిడిలో వార్డులు శుభ్రపడటం వల్లే తగ్గి ఉంటాయని అనుకోవచ్చు. ఏదేమైనా బొడ్డు వైపు ఎవరి చూపూ పోలేదు.

సెయింట్ కిల్డా కథ ఇంకా చిన్నది, ఇంకా బాధ పెట్టేది. స్కాట్లండ్‌కి పడమట, అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే దీవులు. జనం వందకి అటూ ఇటూ. సముద్రపక్షులే తిండి, ఈకలే అద్దె, పక్షి నూనే దీపం. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడ పుట్టిన పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఎనిమిదో రోజు జబ్బుతో పోయేవాళ్లు. అది దేవుడి చిత్తమని దీవి నమ్మింది. ఆంగస్ ఫిడ్డస్ అనే మతగురువు 1889లో అక్కడికొచ్చాడు. చిన్న శవపేటికల మీద ప్రార్థనలు చదవడంతో సరిపెట్టుకోలేక గ్లాస్గో వెళ్లి, బొడ్డుని క్రిమిరహితంగా కోసి కట్టే పద్ధతి నేర్చుకుని తిరిగొచ్చాడు. అలవాటైన పద్ధతి వదలడానికి దీవి తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కొద్ది ఏళ్లలోనే ఆ జబ్బు ఆగిపోయింది.

అక్కడ అసలు తప్పు ఎక్కడ జరిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఎక్కువగా వినబడేది ఫుల్మార్ పక్షి నూనె కథ. ఆ నూనెని గానెట్ పక్షి పొట్టతో చేసిన తిత్తిలో నిలవ ఉంచి, దాన్నే బొడ్డుకి రాసేవాళ్లనీ, తిత్తి ఎప్పుడూ కడగకపోవడంతో క్రిములు చేరేవనీ అంటారు. అలా రాసేవాళ్లని ఆనాడు కళ్లారా చూసి రాసినవాళ్లు లేరు కదా అని కొందరి అభ్యంతరం. నూనె అయినా, కత్తి అయినా, పొలాల మట్టి అయినా దారి మాత్రం బొడ్డే. 1930 ఆగస్టు 29న చివరి 36 మంది దీవిని వదిలి వెళ్లిపోయారు. పిల్లలు నిలబడని ఆ తరాలు లేకపోతే ఆ ఊరు ఇంకొంతకాలం నిలిచేదేమో.

ఫిడ్డస్ దీవికి వచ్చిన ఏడాదే, అంటే 1889లో, జర్మనీలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కిటాసాటో ధనుర్వాతం క్రిమిని విడదీసి పెంచగలిగాడు. మర్నాటి ఏడు బేరింగ్‌తో కలిసి ఆ విషానికి విరుగుడు రక్తంలోనే తయారవుతుందని చూపించాడు. జబ్బుకి కారణం దొరికింది. దాంతోపాటు నింద మొయ్యడానికి ఒక మనిషి కూడా కావాల్సి వచ్చింది.

మన దేశంలో ఆ మనిషి మంత్రసాని. 1903లో వైస్రాయ్ భార్య లేడీ కర్జన్, దాయీలకి శిక్షణ ఇవ్వడానికి విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్స్ ఫండ్ పెట్టింది. ఆ ఫండ్ తరఫున 1918లో వచ్చిన నివేదికలో దేశమంతటి నుంచీ డాక్టర్లు రాశారు. అలాంటి రాతల్లో మాటిమాటికీ ఎదురయ్యే బొమ్మ ఒకటుంది: మురికి చేతులు, తుప్పు పట్టిన కొడవలి, మొండితనం. రాసినవాళ్లు చూసినవి అబద్ధాలు కావు. పిల్లలు నిజంగానే చచ్చిపోతున్నారు. అయితే ఆ బొమ్మలో మంత్రసాని ఒక్కతే ఉంటుంది, చుట్టూ ఉన్న ఇల్లు కనిపించదు.

ఆ ఇల్లు చూడాలంటే తెలుగులో రెండు మాటల మధ్య తేడా పట్టుకోవాలి. మురికి వేరు, మైల వేరు. మురికి కడిగితే పోతుంది, మైల రోజులు గడిస్తేనే పోతుంది. పురిటి మైల ముట్టినవన్నీ పారేయాలి, లేదా చాకలికి ఇచ్చేయాలి. కాబట్టి పురిటికి ఇంట్లో అందరికన్నా చివరి గది, అందరికన్నా పాత గుడ్డలు, పనికిరాని చాప, పారేసినా ఫర్వాలేని కత్తి. బొడ్డు కొయ్యడం అన్నిటికన్నా మైలపని గనుక చాలాచోట్ల దాన్ని మంగలి, మాదిగ, మాల కులాల ఆడవాళ్లకి వదిలేశారు. 'మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని సామెత కూడా కట్టారు. చినిగిన గుడ్డ ఇచ్చింది ఇల్లు. చేటలో గింజలు పోసి దూరం నుంచి సాగనంపిందీ ఇల్లే. నివేదికల్లోకి ఎక్కింది మాత్రం ఆమె చేతులు. మైల గురించి అంత పట్టింపున్న ఇళ్లలో మురికి గురించి అంత పట్టనితనం ఎలా ఉండగలిగింది? మైల పేరు చెప్పి మంచి వస్తువుల్ని పురిటి గది నుంచి దూరంగా దాచుకోవడం వల్లే అలా ఉండగలిగింది.

తర్వాతి దశాబ్దాల్లో శిక్షణలో భాగంగా 'ఐదు శుభ్రతలు' వచ్చాయి: శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ రాయని బొడ్డు. చివరిది జాగ్రత్తగా చూడండి. వేల ఏళ్లుగా ఏదో ఒకటి రాస్తూ వచ్చిన చేతికి మొదటిసారి 'రాయకు' అన్నారు.

కానీ గండాన్ని నిజంగా వెనక్కి నెట్టింది శుభ్రత ఒక్కటే కాదు, సూది కూడా. గర్భిణికి టెటనస్ టీకా వేస్తే ఆమె రక్తంలో తయారైన రక్షణ మావి దాటి బిడ్డకి చేరుతుంది. బిడ్డ పుట్టకముందే కవచం సిద్ధంగా ఉంటుంది. న్యూగినీలో స్కోఫీల్డ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 1961లో దీన్ని స్పష్టంగా చూపించింది. ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సంగతి ఏంటంటే, బ్లేడు శుభ్రంగా లేకపోయినా, నాయనమ్మ మాట వినకుండా నూనె రాసినా బిడ్డ బతికే అవకాశం ఉంది. ఎవరినీ నిందించకుండా కాపాడే వైద్యం అది. మన ఊళ్లలో ఏఎన్ఎమ్‌లు ఎండలో నడిచి వేసిన 'టీటీ సూది' అదే. 2019 నుంచి దాని స్థానంలో టీడీ వచ్చింది. ప్రతి జిల్లాలో వెయ్యి ప్రసవాలకి ఒక్క కేసు కంటే తక్కువకి వస్తే ఈ జబ్బు తొలగినట్టు లెక్క. 2003లో ఆ గీత దాటిన మొదటి భారత రాష్ట్రం అప్పటి ఆంధ్రప్రదేశ్. దేశం మొత్తం దాటింది 2015లో. మనం పండగ చేసుకోకుండా వదిలేసిన విజయాల్లో ఇదొకటి.

ధనుర్వాతం తగ్గినా బొడ్డు నుంచి వచ్చే మిగతా ఇన్ఫెక్షన్లు ఉంటూనే ఉన్నాయి. నేపాల్‌లోని సర్లాహి జిల్లాలో పిల్లలకి ఆవనూనె మర్దనా చెయ్యడం ఆచారం. అక్కడ సుమారు 15,000 మంది పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. 4 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో బొడ్డు తుడిచిన పిల్లల్లో చావులు 24 శాతం తగ్గాయని 2006లో తేలింది. నేపాల్ ప్రభుత్వం తెలివిగా, 'ఏమీ రాయకు' అని పోట్లాడకుండా, రాసుకోడానికి ఒక మంచి మందు చేతికిచ్చింది. దాని పేరు 'నాభి మలమ్', మలమ్ అంటే మన మలాము. అయితే జాంబియాలోనూ, టాంజానియాకి చెందిన పెంబా దీవిలోనూ చేసిన పెద్ద అధ్యయనాల్లో ఈ మందుతో చావులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దాంతో డబ్ల్యూహెచ్‌ఓ 2022లో మాట సవరించుకుంది: అందరికీ శుభ్రంగా, పొడిగా ఉంచడమే మంచిది. హానిచేసేవి రాసే అలవాటు బలంగా ఉన్నచోట మాత్రమే ఆ మందు వాడొచ్చు.

కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది చాలా తక్కువ. చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. డైపర్ అంచు బొడ్డు కిందికి మడవాలి. గాలి తగలనివ్వాలి. ఊడబోతోంది కదా అని లాగకూడదు. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, కుళ్లు వాసన వచ్చినా, బిడ్డకి జ్వరం వచ్చినా, పాలు తాగడం మానేసినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

పెద్దవాళ్ల బొడ్డు గురించి చెప్పాలంటే, అదొక పాత గాయం మచ్చ. 2012లో అమెరికాలోని నార్త్ కరొలైనా పరిశోధకులు 60 మంది బొడ్లు పరీక్షిస్తే 2,368 రకాల బ్యాక్టీరియా కనిపించాయి. చాలామటుకు మనకి ఏ హానీ చెయ్యనివే. స్నానంలో కాస్త సబ్బునీళ్లు, ఆ తర్వాత పొడిగా తుడుచుకోవడం చాలు. పిన్నులతో, పుల్లలతో గెలకొద్దు. వాట్సాప్‌లో తిరిగే 'బొడ్డులో నూనె చుక్క వేస్తే 72 వేల నరాలకి చేరుతుంది' అన్న మాట నమ్మొద్దు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తెరుచుకున్న ఆ నాళాలు పుట్టాక మూసుకుపోయి, నారలాంటి కట్లుగా మిగిలిపోతాయి. వేసిన నూనె చర్మం మీదే ఉంటుంది. చెయ్యి ఊరుకోలేని పాత అలవాటుకి ఇది కొత్త రీల్, అంతే.

మశూచిని భూమ్మీద లేకుండా చేశాం. ధనుర్వాతాన్ని అలా చెయ్యలేం, ఎందుకంటే దాని బీజాలు మనుషుల్లో కాదు, మట్టిలో ఉన్నాయి. 1988లో ప్రపంచంలో దాదాపు 7,87,000 మంది పసిపిల్లలు దీనితో పోయారని అంచనా. 2018 నాటికి అది సుమారు 25,000. మిగిలిన ఆ పాతికవేల ఇళ్లూ ఎక్కువగా ఆస్పత్రి దూరమైనచోట, యుద్ధం నడుస్తున్నచోట, సూది అందనిచోట ఉన్నాయి. మట్టి ఎప్పుడూ ఉంటుంది కనుక ప్రతి తరంలో, ప్రతి గర్భిణికీ సూది మళ్లీ వెయ్యాల్సిందే, ప్రతి పురిటికీ కొత్త బ్లేడు తియ్యాల్సిందే.