ఉద్యానవేత్త కన్ను

ఉప్పలునుండి తార్నాకకు బోవు దారిలో హబ్సిగూడ దాటినపిమ్మట ఎడమవైపున ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లు కానవచ్చును. నాచారమువారికిని అది పొరుగే. 1939లో పూర్తియైన కళాశాలా భవనమును మెచ్చనివారు లేరు. కాని అడిక్‌మెట్టున ఆ నేలను ఎన్నినవారెవరని మేము మా విద్యార్థులనడుగగా ఒక్కడును జెప్పలేకపోయెను.

ఆయన స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డెసు. డండీలో 1888 మొదలు 1919 వఱకు వృక్షశాస్త్రాచార్యుడు. ఎడింబరో బీదవాడలలోని పాడునేలలను తోటలు గావించినవాడు. 1914లో మద్రాసు గవర్నరు పిలువగా ఈ దేశమునకు బయలుదేరెను. ఆయన ప్రదర్శన పటములున్న ఓడను ఎండెను ముంచివైచెను. మద్రాసుపై గుండ్లు కురిపించిన యెండెనే! ఆయన వెనుదీయక పటములను మరల గూర్చి 1915లో ప్రదర్శన జరిపెను.

నాటి యింజనీర్లు తిన్నని బాటలకై యిండ్లు పడగొట్టి, చలిజ్వర భయమున చెఱువులు పూడ్పింప జూచుచుండిరి. గెడ్డెసు సందుసందున నడచి చూచి, కోత వీలైనంత తక్కువగా నుండవలెననెను. చెఱువు గాలిని చల్లబఱచును, వరదను పట్టును. దోమలకు విరుగుడు పూడ్చుట కాదు, చేపలను బాతులను పెంచుట యని వాదించెను. 1917లో ఇందూరున దీపావళి యూరేగింపును, ఇండ్లు శుభ్రపఱచుకొన్న వీథులవెంటనే నడిపించి, మహామారి యెలుక బొమ్మను తగులబెట్టించి, తులసిమొక్కలు పంచిపెట్టించెను. ఉపన్యాసములకు లొంగని మన గృహములకు ఈ యుపాయము తగినదని మా యభిప్రాయము.

బెంగుళూరున 1908 మొదలు 1932 వఱకు పనిచేసిన జర్మను ఉద్యానవేత్త క్రుంబీగలు ఒక చెట్టు పూత ముగియగనే వేఱొకటి పూచునట్లు వీథుల నలంకరించెను. అది కన్నులపండువే. గెడ్డెసు చూపు నీటిమీద నిలిచినది. హైదరాబాదున విశ్వవిద్యాలయ స్థలమును గూర్చి 1923లో నివేదిక యిచ్చినవాడాయనయే.

చెఱువు విలువ మన పెద్దలెఱుగనిది కాదు. కాకతీయుల సీమలో దానిని దొర చెప్పవలసివచ్చుటయే సిగ్గు. ఉప్పలు నల్లచెఱువున ఏండ్ల తరబడి మురుగు చేరినది. కొన్నేండ్ల క్రిందట మేము పిల్లలతో ఆ గట్టెక్కగా వారు ముక్కు మూసికొనిరి. అట్టి నీట చేపలు వదలిన ఫలములేదు. ముందు కాలువలను మళ్లింపవలెను.