వేలిముద్రకు తాళం వేశారా? మన్యంలో ఆన్‌లైన్ సేవలు వాడేవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇవే..

పార్వతీపురం: పింఛను, రేషన్, బ్యాంకు డబ్బు.. మన్యంలో చాలా పనులు వేలిముద్రతోనే నడుస్తున్నాయి. పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోలేం. కానీ దానికి తాళం వేసుకోవచ్చు.

డేటా ఎలా బయటపడుతుంది?
2018 ఏప్రిల్‌లో ఏపీ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు ఎవరైనా చూసేలా కనిపించాయి. అదే ఏడాది తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఇంకో కేసు. రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తున్న వ్యక్తి పోలీసులకు దొరికాడు.

మన్యంలో రిస్క్ ఎందుకు ఎక్కువ?
కొండ మీది గూడేలకు బ్యాంకు దూరం. అందుకే ఆధార్ నంబర్ చెప్పి, వేలు పెట్టి డబ్బు తీసుకునే ఏఈపీఎస్ మిషన్ అక్కరకొస్తోంది. దీనికి పిన్, ఓటీపీ అడగరు. నకిలీ వేలిముద్ర ఉంటే దొంగకూ పని సులువే. సిగ్నల్ లేని ఊళ్లో డబ్బు పోయిన మెసేజ్ కూడా ఆలస్యంగానే వస్తుంది.

ఏం చేయాలి?
* ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. ఇందుకు ఆధార్‌కు మొబైల్ నంబర్ లింక్ అయి ఉండాలి.
* లాక్ ఉంటే రేషన్, పింఛను దగ్గరా వేలిముద్ర పడదు. తాత్కాలికంగా తీస్తే కాసేపటికే మళ్లీ పడిపోతుంది. సిగ్నల్ లేని ఊరైతే ముందే లాక్ పూర్తిగా తీసేసి, పని అయ్యాక మళ్లీ వేయండి.
* జిరాక్స్ అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి.
* "వేలు పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ముందు రసీదు అడగండి.
* ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' నంబర్ 95523 00009. పథకం పేరుతో వేరే నంబర్ నుంచి ఏపీకే ఫైల్ వస్తే తెరవొద్దు.

డబ్బు పోతే?
వెంటనే 1930కి కాల్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు మోసం చేస్తే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారిపై నష్టం పడకూడదని 2017 ఆర్‌బీఐ నిబంధనలు చెప్పాయి. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోవడం మర్చిపోవద్దు.