సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు గంట ప్రయాణం

సింగపూర్ నుంచి మలేషియా రాజధాని కౌలాలంపూర్‌కు ఆకాశమార్గాన సుమారు 300 కిలోమీటర్లు. విమానం గాల్లో ఉండేది గంటసేపే. సీటుబెల్టు లైటు ఆరిందో లేదో, దిగబోతున్నామని చెప్పేస్తారు. మన గొలుగొండలో బస్సెక్కినవాళ్లు నర్సీపట్నం, అనకాపల్లి దాటి వైజాగ్ చేరేసరికి ఇక్కడివాళ్లు పరాయి దేశంలో దిగిపోతారు. "అంత దగ్గరైతే రెండు దేశాలెందుకయ్యాయి?" అని మన ఊరివాళ్లు అడుగుతుంటారు. నేను స్థిరపడ్డ ఈ సింగపూర్ చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఈ రెండూ ఒకే ఏలుబడిలో ఉండేవి. మన విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు కంగాణీలనే మేస్త్రీల వెంట ఓడలెక్కి మలయా (ఇప్పటి మలేషియా ద్వీపకల్పం) వచ్చి రబ్బరు, కొబ్బరి తోటల్లో చెమటోడ్చారు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపించింది. సింగపూర్ దీవినీ, అవతల ఇప్పుడు మలేషియా రాష్ట్రమైన జొహోర్‌నూ కలుపుతూ కిలోమీటరు పొడవున సముద్రంలో వేసిన కాజ్‌వే 1924లో లాంఛనంగా మొదలైంది. 1947లో మలయన్ ఎయిర్‌వేస్ విమానాలు ఇక్కడి నుంచి కౌలాలంపూర్‌కు ఎగరసాగాయి.

1963 సెప్టెంబరు 16న సింగపూర్ మలేషియాలో కలిసింది. ఆ కలయిక రెండేళ్లు కూడా నిలవలేదు. మలయ్‌లకు ప్రత్యేక హక్కులుండాలని కౌలాలంపూర్, అన్ని జాతులకూ సమాన హక్కులుండాలని సింగపూర్ పట్టుబట్టాయి. 1964లో సింగపూర్‌లో జాతి కల్లోలాలు జరిగాయి. 1965 ఆగస్టు 9న సింగపూర్ విడిపోయింది. ఆ కబురు చెబుతూ సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ టీవీలో కంటతడి పెట్టుకున్నారు. మన ఉమ్మడి విశాఖ జిల్లాలో పదిహేనో వంతు ఉండే దీవి అలా ఒంటరి దేశమైంది.

దేశాలు విడిపోయినా విమానసంస్థ వెంటనే విడిపోలేదు. 1966లో రెండు ప్రభుత్వాలూ కలిసి దాన్ని మలేషియా–సింగపూర్ ఎయిర్‌లైన్స్‌గా మార్చాయి. తన చిన్న ఊళ్లకు విమానాలు నడపాలన్నది మలేషియా అవసరం. లోపల ఎగరడానికి చోటే లేని సింగపూర్‌కు దూరదేశాల మార్గాలే దిక్కు. చివరికి 1972లో, మన రాష్ట్రం విడిపోయాక ఆర్టీసీని పంచుకున్నట్టే, దాన్నీ పంచుకున్నారు. రైలు లెక్క తేలడానికి ఇంకా కాలం పట్టింది. సింగపూర్ నడిబొడ్డున ఉన్న తంజోంగ్ పగార్ స్టేషన్‌ను మలేషియా రైల్వే 2011 జూన్ 30 వరకూ నడిపింది. ఆఖరి రైలును జొహోర్ సుల్తాన్ స్వయంగా నడుపుకుంటూ వెళ్లారు.

అయితే ఒక్క విషయంలో ఇద్దరూ ముందుచూపుతో మెలిగారు. జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా నీళ్లు తీసుకునే హక్కు 1962 ఒప్పందం సింగపూర్‌కు ఇచ్చింది. దానికి 2061 వరకూ గడువుంది. విడిపోయేటప్పుడు రాసుకున్న పత్రంలోనే ఆ ఒప్పందానికి పూచీ ఇచ్చారు. నీటి ధర మీద ఎన్ని వాదనలు నడిచినా అది చెల్లుతూనే ఉంది. తెల్లవారుజామున కాజ్‌వే మీద జొహోర్ నుంచి పనికొచ్చేవాళ్ల మోటారు సైకిళ్లు బారులు తీరుతాయి. ఆ దారి పక్కనే నీళ్ల గొట్టాలు సాగుతాయి.

సింగపూర్ చూడటానికి వచ్చే మనవాళ్లకు నా మనవి ఒకటే. కౌలాలంపూర్‌కు ఒకవైపైనా విమానం మానుకుని, అయిదారు గంటలు పట్టినా సరే, కాజ్‌వే మీదుగా బస్సులో వెళ్లండి. విడిపోయినవాళ్లు నీళ్లూ దారీ ఎలా కాపాడుకుంటారో, రెండు రాష్ట్రాలైన మన తెలుగువాళ్లం కళ్లారా చూసి నేర్చుకోవాలి.