ఘంటసాలలో గంట ఉందా?

మా చల్లపల్లికి కొద్దిమైళ్ళ దూరంలో ఉన్న ఘంటసాల పేరు వినగానే ఎవరికైనా ముందు గాయకుడు, ఆ తరువాత గుడిగంట తలపునకు వస్తారు. ఘంటలు మ్రోగిన శాల గనుక ఘంటసాల అని అర్థం చెప్పేవారు మా వైపు తక్కువేమీ కాదు. చెవికి ఇంపైన వ్యుత్పత్తే గాని, నిలిచేది కాదు.

సంస్కృత ‘ఘంట’ తెలుగున ‘గంట’ అయినది. గంట కొట్టి వేళ తెలిపే ఆచారం వలన కాలమానానికీ ఆ పేరే స్థిరపడింది. అచ్చతెలుగు మాటలలో ఒత్తక్షరాలు ఉండవని వ్యాకర్తలు చెప్పినా, లోహం మ్రోగేసరికి మన నోట అవే పలుకుతాయి: ఖంగు, ఠంగు, ఘల్లు. నాణేలు గలగలమంటే చాలును. అందెలు మాత్రం ఘల్లుమనవలసిందే!

ఈ మ్రోతే ఒక్కొక్కప్పుడు అర్థాన్ని మింగివేస్తుంది. ‘ఘంటాపథంగా చెప్పాడు’ అంటే గంట కొట్టినట్లు చెప్పాడనుకుంటాము. అమరకోశంలో ఘంటాపథమంటే రాజమార్గం, మెడగంటలతో ఏనుగులు నడిచే పెద్దబాట. మల్లినాథసూరి కిరాతార్జునీయానికి వ్రాసిన వ్యాఖ్యకు ఆ పేరే పెట్టాడు. భారవి కఠినకావ్యంలో పాఠకునికి వేసిన రాచబాట అన్నమాట! తెలుగులో బాట పోయి గంట మిగిలింది. తాటాకుపై వ్రాసే గంటాన్ని ‘ఘంటం’ అని వ్రాయడం కూడా ఈ మోజు చలవే కాబోలు.

ఇక మా పొరుగూరు. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ మైసోలియా తీరాన పేర్కొన్న వర్తకస్థానం ‘కంటకొస్సిల’. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరాన, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన ప్రాకృత శాసనం ‘కంటకసేల’ మహాచైత్యపు తూర్పువాకిట ఆమె కట్టించిన రాతిమండపాన్ని చెబుతుంది. ఘంటసాలలోనే దొరికిన శాసనాలలో మహానావికుని ప్రస్తావన ఉంది. ఓడలు, వర్తకులు, బౌద్ధ ఉపాసికలు అందరూ ఆ పేరులో ఉన్నారు. గంట మాత్రం లేదు. నడిమి ‘క’ జారి, మొదటి ‘క’ ‘గ’గా సరళమై, ‘గంటసాల’ అయిన తరువాతనే ఎవరో పండితుడు దానికి ఒత్తు తగిలించి ఉంటాడని నా ఊహ. ఆ ఒక్క ఒత్తు దెబ్బకు రేవుపట్టణం కాస్తా గుడి ముంగిలి అయిపోయింది.

కంటకమంటే ముల్లా, సిద్ధార్థుని గుర్రం కంథకమా అన్నది వేరే వాదం. నా మొగ్గు గుర్రం వైపే. సేల అంటే శైలం. కాని ఘంటసాల చుట్టూ బల్లపరుపు వరిచేలే తప్ప కొండ అన్నది లేదు. మరి ఆ శైలం రాళ్ళు తాపిన ఆ మహాచైత్యమే ఎందుకు కాకూడదు?