ఆశా అక్కను తప్పుపట్టే ముందు: గూడెం ఆరోగ్య కార్యకర్త చరిత్ర



మన గూడేల్లో జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా ముందు తలుపు తట్టేది ఆశా అక్క ఇంటిదే. పని సక్రమంగా జరిగితే ఎవరూ గుర్తుపెట్టుకోరు. కాస్త తేడా వస్తే మాత్రం "ఆమెకేం తెలుసు, సరైన ట్రైనింగే లేదు" అనేస్తాం. పై అధికారులూ అదే మాట అంటారు. ఇంకో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టి, సంతకాలు తీసుకుని పంపించేస్తారు.

నిజంగా లోటు ట్రైనింగ్‌దేనా? పల్లెలో వైద్యం అందించే మనిషిని తయారుచేసే ప్రయత్నం ఈ దేశంలో చాలాసార్లు జరిగింది. కొన్ని నిలబడ్డాయి, కొన్ని కూలిపోయాయి. ఎందుకన్నది చదువుకున్న మనకైనా తెలిసుండాలని ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఊరి డాక్టరు ఎలా మాయమయ్యాడు

1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1946లో రిపోర్టు వచ్చింది. మనం ఇప్పుడు చూస్తున్న పీహెచ్‌సీకి మూలం ఆ రిపోర్టే. మొదటి దశలో 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని అది చెప్పింది.

అదే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. అప్పట్లో ఎంబీబీఎస్ కంటే తక్కువ కాలంలో పూర్తయ్యే లైసెన్షియేట్ కోర్సు ఉండేది. పాతకాలం వాళ్లు "ఎల్‌ఎంపీ డాక్టరు" అంటుంటారే, వాళ్లే. ఆనాటి డాక్టర్లలో దాదాపు మూడింట రెండు వంతులు వీళ్లే. కమిటీ ఈ కోర్సును ఎత్తేసి, దేశమంతా ఒకే రకం డాక్టరు ఉండాలంది. కమిటీలోనే కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. అయినా కోర్సు పోయింది. ఎంబీబీఎస్ చదివినవాళ్లలో ఎక్కువమంది పట్నాల్లోనే ఉండిపోయారు. పల్లెలో ఏర్పడిన ఆ ఖాళీలోకి తర్వాత్తర్వాత ఎవరొచ్చారో మనకు తెలుసు. సంచి భుజానేసుకుని, బండి మీద సంతకొచ్చి సూదులేసే ఆర్‌ఎంపీలు.

50 రూపాయల కార్యకర్త

1975లో శ్రీవాస్తవ కమిటీ, ఊళ్లోంచే ఆరోగ్య కార్యకర్తలను తయారుచేయాలని సిఫారసు చేసింది. 1977 అక్టోబర్ 2న జనతా ప్రభుత్వం ఆ పథకం మొదలుపెట్టింది. వెయ్యి మందికి ఒకరు. 3 నెలల శిక్షణ, ఆ కాలంలో నెలకు 200 రూపాయల స్టైఫండ్. ఆ తర్వాత నెలకు 50 రూపాయల గౌరవ వేతనం, ఒక పుస్తకం, కొన్ని మందులున్న పెట్టె.

ఆలోచన మంచిదే. కానీ చాలాచోట్ల ఊరి పెద్దల మనుషులే ఎంపికయ్యారు. ఎక్కువమంది మగవాళ్లు. కాన్పులు, పసిపిల్లల జబ్బుల విషయంలో ఆడవాళ్లు వాళ్ల దగ్గరికి ఎలా వెళ్తారు? 50 రూపాయలు 50 రూపాయలుగానే ఉండిపోయాయి. పేరు మాత్రం మారుతూ వచ్చింది. కార్యకర్త కాస్తా "వాలంటీర్" అయ్యాడు, 1981లో "హెల్త్ గైడ్" అయ్యాడు. చివరికి 2002లో కేంద్రం డబ్బు ఆపేసింది. 3 నెలల శిక్షణ పొందిన మనిషిని కూడా వ్యవస్థ ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో ఈ పాతికేళ్లు చూపించాయి.

ప్రాణహిత అవతల జరిగింది

ఇప్పుడు మన పక్కనే ఉన్న గడ్చిరోలికి వెళ్దాం. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ, అంటే గడ్చిరోలి జిల్లాయే. గోండులు, మాడియాలు ఉండే నేల, మన బంధువుల నేల. 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు అక్కడ "సెర్చ్" అనే సంస్థ పెట్టారు. పెద్ద ఆస్పత్రి భవనమంటే జనానికి భయమని తెలుసుకుని, ఊరి ఇళ్లలా ఉండే ఆస్పత్రి కట్టారు. దానికి దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు.

అక్కడ పిల్లలు ఎక్కువగా చనిపోతున్నది న్యుమోనియాతో. దాన్ని కనిపెట్టాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందు 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, అంతకు మించి తీస్తుంటే ప్రమాదం. కానీ చదువు రాని మంత్రసాని 60 దాకా ఎలా లెక్కపెడుతుంది? అభయ్ బంగ్ ఒక సాధనం తయారుచేశారు. ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వస్తే మందు మొదలుపెట్టాలి. ఊరి మనిషి ఇచ్చిన మాత్రలతోనే పిల్లల చావులు తగ్గాయని 1990లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

తర్వాత పురిటి బిడ్డల వంతు. 39 ఊళ్లలో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్లను ఎంచుకున్నారు. కాన్పు సమయంలో పక్కన ఉండటం, బిడ్డ బరువు తూచడం, చలి తగలకుండా చూడటం, చీము జబ్బు గుర్తుపట్టడం, అవసరమైతే ఇంజెక్షన్ చేయడం నేర్పారు. మళ్లీ మళ్లీ ఇళ్లకు పంపారు, వెనకే సూపర్‌వైజర్ వెళ్లి చూసేవాడు. ఈ పద్ధతి లేని ఊళ్లతో పోలిస్తే పురిటి బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఈ ఫలితం కూడా లాన్సెట్‌లో వచ్చింది. 2011 నుంచి దేశమంతా ఆశాలు బాలింతల ఇళ్లకు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తున్నారే, ఆ పని పుట్టింది ఇక్కడే.

గమనించండి. అక్కడ శిక్షణ ఉంది. దాంతోపాటు చేతిలో మందు ఉంది, పనిముట్టు ఉంది, తప్పు జరిగితే దిద్దే మనిషి ఉన్నాడు, వెనక ఆస్పత్రి ఉంది. ఆ నాలుగూ కలిసి పనిచేశాయి.

మితానిన్ నుంచి ఆశా దాకా

2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "మితానిన్" కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ ఆడవాళ్లు ఆచార ప్రకారం కట్టుకునే స్నేహబంధానికి ఉన్న పేరే అది. వెయ్యి మందికి ఒకరు అనే లెక్క పక్కనపెట్టి, పాడాకు ఒకరిని తీసుకున్నారు. మనకు ఇది చాలా ముఖ్యం. మైదానంలో వెయ్యి మంది ఒకే ఊళ్లో ఉంటారు, మనకు అదే వెయ్యి మంది పది గూడేల్లో, మధ్యలో రెండు వాగులతో ఉంటారు.

ఆ అనుభవం చూసే 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా వచ్చింది. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని పెట్టుకోవచ్చని నిబంధనల్లోనే రాశారు. కానీ ఆమెను ఉద్యోగి అనలేదు, "కార్యకర్త" అన్నారు. జీతం లేదు, పనికింత అని పారితోషికం. మన ఏజెన్సీలో అంతకంటే ఘోరం. ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ కింద పనిచేసే కమ్యూనిటీ హెల్త్ వర్కర్లకు 2019 దాకా నెలకు 400 రూపాయలే ఇచ్చేవారు. ఆ ఏడాది దాన్ని 4 వేలు చేశారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం 10 వేలకు పెరిగింది. తెలంగాణలో 2015లో ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. అవార్డు సంతోషమే, కానీ బియ్యం కొనడానికి అది పనికిరాదు.

శిక్షణ ఒక్కటే ఎంత మారుస్తుంది?

దీనికీ ఒక సాక్ష్యం ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో 304 మంది ఆర్‌ఎంపీ లాంటి వైద్యులను తీసుకుని, వాళ్లలో కొందరికి 9 నెలల పాటు 150 గంటలు పాఠాలు చెప్పారు. ఫలితాలు 2016లో సైన్స్ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు రోగాన్ని సరిగ్గా చూడటం కొంత మెరుగైంది. అనవసరపు మందులు, యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. వాళ్ల బతుకు మందుల అమ్మకం మీద నడుస్తుంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. తెలివి పెంచొచ్చు, కానీ పొట్టకూటి లెక్క మారకుండా అలవాటు మారదు.

ఇంకో విషయం భాష. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టించాడు. మన పిల్లలకు మన భాషలో మనవాళ్లే చెప్పాలన్నది ఆ ఆలోచన. ఆరోగ్యంలో ఆ సంగతి ఇంకా పూర్తిగా రాలేదు. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. కార్డు చేతిలో పెడితే సరిపోతుందా? "నీకు జబ్బు లేదు, కానీ నీలో దాని గుణం ఉంది, నీలాంటి గుణమే ఉన్నవాళ్లను పెళ్లి చేసుకుంటే బిడ్డకు జబ్బు రావచ్చు" అన్న సంగతి కోయలో, గోండిలో, కువిలో, సవరలో ఎవరు చెప్పాలి?

మనం చేయగలిగినవి

- మీ పీహెచ్‌సీలో అడగండి: మా ఆశా కిట్‌లో మలేరియా టెస్టు, మాత్రలు, ఓఆర్‌ఎస్ ఆఖరిసారి ఎప్పుడు నింపారు?
- గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయల నిధి ఇవ్వాలని నిబంధన ఉంది. మీ ఊరి లెక్క గ్రామసభలో అడగండి.
- మన గూడేనికి వేరే ఆశా కావాలంటే, ఆవాసానికి ఒకరు అనే నిబంధన చూపించి అర్జీ పెట్టండి.
- యాప్‌లో ఎంట్రీలు అక్కకు భారమైతే పక్కన కూర్చుని సాయం చేయండి. కానీ ఇంటింటి వివరాలు బయట చెప్పొద్దు.
- జ్వరం, ఆయాసం, ఫిట్స్, రక్తం తక్కువ లాంటి మాటలకు మీ భాషలో ఏమంటారో రాసి గ్రూపులో పెట్టండి. మేం అన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం చేస్తాం.
- ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు సెలవుల్లో వచ్చినప్పుడు ఒక రోజు అక్కతో ఇళ్లకు తిరగండి. గడ్చిరోలిలో సూపర్‌వైజర్ చేసింది ఆ పనే.

80 ఏళ్లుగా ఊరి మనిషికి పాఠాలు చెప్పారు, పేర్లు మార్చారు. మందు, కూలి, వెనక నిలబడే మనిషి, ఈ మూడూ అందిన చోట మన పిల్లలు బతికారు. ఈసారి "ఆమెకేం తెలుసు" అనే మాట నోటికొస్తే, ఆమెకు మనం ఏమిచ్చామో కూడా లెక్క చెప్పుకుందాం.

మీ గూడెంలో పరిస్థితి ఏంటో కింద రాయండి.

జై ఆదివాసీ!