పుస్తకం ఎవరిది?

కొత్త పుస్తకం చేతికి రాగానే విద్యార్థి మొదట దానిపై తన పేరు వ్రాసికొంటాడు. ఈ చిన్న అలవాటుకు పెద్ద చరిత్ర ఉన్నది.

మన తాళపత్ర గ్రంథాలలో అక్షరాలను గంటంతో గీసి, ఆ గీతలలో మసి నింపేవారు. గ్రంథం చివర వ్రాయసకాని పేరు, ఎవరి కొరకు వ్రాసినది, సంవత్సరం, తిథి, వారం తరచుగా కనిపిస్తవి. ప్రభవాది సంవత్సరాలు 60 ఏండ్లకు ఒకసారి తిరిగి వస్తవి గనుక పేరు ఒక్కటే చాలదు. తిథివారాలు కూడ ఉన్నచో పంచాంగ గణితంతో కాలం తేల్చవచ్చు.

చైనాలో ఈ పని రాతిముద్రలు చేసినవి. మెత్తని రాతిపై అక్షరాలను తిరగవేసి చెక్కి, ఎర్రని ముద్దలో అద్ది, కాగితంపై వేస్తారు. ఆ ముద్దలోని రంగు ఇంగిలీకం. అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. దానిని మన ఇళ్లలో ఎరిగిన ఆముదంతోనే నూరి, మొక్కల నారనో పట్టునో కలుపుతారు. గ్రంథమో చిత్రమో చేతులు మారినపుడు కొత్త యజమాని పాతముద్రను చెరపక, ప్రక్కనే తన ముద్ర వేసేవాడు. అందుచేత ఆ ముద్రల వరుస గ్రంథప్రయాణానికి సాక్ష్యమైనది.

ఐరోపాలో అచ్చు వచ్చిన తరువాత అట్టలోపల అంటించే యజమాని చీటీలు పుట్టినవి. హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ సుమారు 1480లో బుక్స్‌హైమ్ మఠానికి ఇచ్చిన గ్రంథాలలోని చీటీ మిక్కిలి పాతవాటిలో ఒకటి. కవచపు పలకను పట్టుకొన్న దేవదూత దానిపై బొమ్మ. వీటిని సేకరించడం తరువాత ఒక వ్యాసంగమైనది.

తంజావూరు సరస్వతీ మహలులో రెండవ శరభోజి (1798-1832) పుస్తకాలపై ఆయన సంతకం నేటికీ చూడవచ్చు. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల కాలానికి వ్యక్తి పేరుకు బదులు ఊరి గ్రంథాలయం ముద్ర వచ్చినది. పుస్తకం ఒకరిది గాక అందరిదైనది.

ఈ గుర్తులను కాపాడడంలో ఒక చిక్కు ఉన్నది. పాత కాగితంలోని ఆమ్లం దానిని పెళుసుబారజేస్తుంది. 20వ శతాబ్ది మధ్యకాలంలో అమెరికాలో విలియం బారో సున్నపు ద్రావణాలతో ఆ ఆమ్లాన్ని విరిచే పద్ధతిని అభివృద్ధిచేశాడు. పిడుగురాళ్ల బట్టీలలో కాలే సున్నపురాయికీ పుస్తకాల ఆయుస్సుకీ ఇదే బంధుత్వం! అయితే కాగితాన్ని తడిపేముందు సిరా కరుగునేమో నిపుణులు పరీక్షిస్తారు. లేకున్న కాగితం నిలిచి, పేరు పోవును. ఇది ఇంట్లో చేయదగిన పని కాదు.

పాఠశాలలో మనం చేయగలిగినవి వేరే ఉన్నవి. పాత పుస్తకానికి కొత్త అట్ట వేయించునపుడు సంతకమో, ముద్రో ఉన్న మొదటి పుటను పారవేయరాదు. కొత్త ముద్రను అచ్చు అక్షరాలపై పడకుండ ఖాళీచోట వేయాలి. పిండి జిగురు పురుగులకు ఆహారం గనుక చీటీలకు దానిని మితంగా వాడాలి. పిమ్మట విద్యార్థులచేత పాత పుస్తకాల మొదటి పుటలు తిప్పించి, వాటిపై ఉన్న పేర్లు, తేదీలు ఒక నోటుబుక్కులో వ్రాయించండి. ఊరి చదువుల చరిత్ర కొంత అందులోనే దొరుకుతుంది.