ఒక రాజుగారి భగందరము

1686వ సంవత్సరము జనవరిలో ఫ్రాన్సు రాజు 14వ లూయీకి మలద్వారము ప్రక్కన చిన్న గడ్డ లేచెను. అది చీముపట్టి పగిలినను మానలేదు. మే నాటికి లోపలికి దారిచేసికొని, ఎడతెగక చీము కార్చు నాళమైనది. దీనినే మన వైద్యులు భగందరమనిరి. వాడుకలో లూటీ అందురు. రాజు గుఱ్ఱమెక్కుట మానవలసివచ్చెను.

ఈ రోగము ఏల మానదు? మలద్వారపు లోపలి అంచున సన్నని గ్రంథులు కలవు. వానిలో ఒకటి చెడి చీముపట్టినపుడు, ఆ చీము కండలగుండ దారి తొలచుకొని చర్మముపైకి వచ్చును. పైరంధ్రము మూసికొన్నను లోపలి రంధ్రము తెఱచియే యుండును గనుక, కొన్నాళ్లకు చీము మరల చేరును. పైపూతలు ఫలింపకపోవుటకు కారణమిదియే. నాళమును పొడుగునా చీల్చి, గాయమును అడుగునుండి పూడనీయవలెను. అయితే మలమును ఆపియుంచు సంవరణీ కండరము అచ్చటనే యున్నది. అది ఎక్కువగా తెగినచో రోగికి జీవితాంతము బాధయే. సుశ్రుత సంహిత భగందరమును ఐదు విధములుగా వర్ణించినది. క్షారము పూసిన దారముతో నాళమును మెల్లమెల్లగా కోయు ఉపాయమును చెప్పినది.

లూయీ వైద్యులు మొదట శస్త్రమునకు వెనుదీసిరి. బారేజ్ ఊటల నీరు గుణమిచ్చునని విని, అదే రోగముగల మఱి నలుగురిని అక్కడికి పంపి చూచిరి. ఒక్కరికిని నయము కాలేదు. రాజుగారిమీద ప్రయోగించుటకు ముందు ఇతరులమీద పరీక్షించుట ఆనాటి ఆచారము! ఇక శస్త్రవైద్యుడు షార్ల్ ఫ్రాన్స్వా ఫెలిక్సు వంతు వచ్చెను. అతడు నెలల తరబడి ఆసుపత్రులలోని పేదరోగులకు ఈ చికిత్స చేసి చేయి కుదుర్చుకొనెను. కొనకు శలాక, అంచుకు వెండి తొడుగు గల వంపుకత్తిని చేయించెను. ఆ తొడుగువలన కత్తి లోనికి పోవునపుడు కండ తెగదు. రాజు పేరు చరిత్రకెక్కినది. ఫెలిక్సుకు చేయి కుదిర్చిన ఆ రోగుల పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు.

నవంబరు 18 ఉదయము 7 గంటలకు వెర్సాయి ప్రాసాదములో, కొద్దిమందికి మాత్రమే తెలిసి, పని జరిగెను. మంత్రి లూవ్వా, రాజు భార్య మాదాం ద మేంతెనాన్ దగ్గర నుండిరి. ఈథరు మత్తు లోకమునకు తెలియుటకు ఇంకను 160 ఏండ్లు పట్టును. ఫెలిక్సు నాళమును చీల్చి, కత్తెరతో అంచులను కత్తిరించెను. రాజు నిబ్బరముగా ఓర్చుకొనెను. ఆ సాయంకాలమే మంచముమీదనుండి మంత్రిసభ నడిపెను.

అసలు పరీక్ష తరువాత వచ్చినది. గాయపు అంచులు గట్టిపడుటచేత డిసెంబరులో మరల పలుమారులు కోయవలసివచ్చెను. పైకి త్వరగా మూసికొనుటయే ఇట్టి గాయమునకు చేటు. నేడుకూడ ఈ చికిత్స పొందినవారు వారములకొలది గాయమును శుభ్రముచేసికొనుచు ఓపిక పట్టవలసియుండును. లూయీకి 1687 జనవరిలో గాని పూర్తిగా నయము కాలేదు. ఆ నెల 30వ తేదీన ఆయన పారిసు నగరమునకు వచ్చి పురమందిరములో విందారగించెను.

ఫెలిక్సుకు ధనమును, భూవసతియు దక్కెను. రాజు ననుకరింపగోరి, రోగము లేకున్నను కోయుమని శస్త్రవైద్యుల నాశ్రయించిన ఆస్థానికులు ముప్పదిమందికి పైగా నుండిరని శస్త్రవైద్యుడు దియోనిస్ వ్రాసెను. అంతవరకు మంగలివారితో ఒకే సంఘములోనుండి, వైద్యులచే చులకనగా చూడబడిన శస్త్రవైద్యుల గౌరవము పెరుగసాగెను. 1731లో వారికొక రాజ పరిషత్తు ఏర్పడెను. 1743లో మంగలివృత్తినుండి వారి వృత్తి వేరుచేయబడెను.

రాజు కోలుకొన్నందుకు కృతజ్ఞతగా 1687 జనవరి 8న పారిసులో సంగీతకారుడు లుల్లీ ఒక స్తోత్రగానమును నడిపెను. తాళము వేయు పొడుగుకఱ్ఱ అతని కాలివ్రేలికి తగిలెను. గాయము కుళ్లి పైకి ప్రాకెను. కాలు తీసివేయుటకు లుల్లీ ఒప్పుకొనలేదు. మార్చి 22న అతడు మరణించెను.